కౌంటీ ఎవరిది?

2022 సెప్టెంబరులో ఇంగ్లండ్ క్రికెట్‌ను సంస్కరించే ప్రణాళిక ఒకటి వెలువడింది. ఆస్ట్రేలియా గడ్డపై 4-0 తేడాతో యాషెస్ సిరీస్‌ను కోల్పోయిన పరాభవం నుంచి పుట్టిన ప్రణాళిక అది. దాన్ని రూపొందించిన సమీక్షా సంఘానికి నాయకుడు ఆండ్రూ స్ట్రాస్. యాషెస్‌ను స్వదేశంలోనూ, ఆస్ట్రేలియాలోనూ గెలిచిన కెప్టెన్. కౌంటీ చాంపియన్‌షిప్‌లో ఒక్కో జట్టు ఆడే మ్యాచ్‌లను 14 నుంచి 10కి తగ్గించాలని, పై డివిజన్‌ను ఆరు జట్లకు కుదించాలని ఆ సంఘం ప్రతిపాదించింది. ప్రణాళికకు బోర్డు అండ ఉంది. సంఘం నాయకుడికి పేరు ప్రతిష్ఠలున్నాయి. చెప్పిన కారణాల్లో తర్కమూ ఉంది. అయినా ఆ ప్రతిపాదన అటకెక్కింది.

దాన్ని అటకెక్కించింది ప్రభుత్వమో, న్యాయస్థానమో, కోట్ల వ్యాపారం చేసే ప్రసార సంస్థో కాదు. ఏటా చందా కట్టి, ఏప్రిల్ చలిలో దుప్పటి కప్పుకొని నాలుగు రోజుల ఆట చూసే కౌంటీ సభ్యులు. వారు కార్యవర్గాలకు లేఖలు రాశారు, సమావేశాల్లో నిలదీశారు. పోటీల స్వరూపం మార్చాలంటే 18 కౌంటీల్లో కనీసం 12 ఒప్పుకోవాలన్నది నిబంధన. ఆ 18లో 15 కౌంటీలు నేటికీ సభ్యుల సొత్తు. అందువల్ల సభ్యుడి కోపం కేవలం కోపంగా మిగలలేదు, ఓటుగా మారింది.

ఇంగ్లండ్ దేశవాళీ క్రికెట్ అభిమాని అసహనాన్ని చాలామంది ముసలివాళ్ల చాదస్తంగా కొట్టిపారేస్తారు. తెల్లదుస్తులు, ఎర్రబంతి, భోజన విరామం, తేనీటి విరామం అంటూ పాత రోజులను పట్టుకు వేలాడే వర్గమని ఎగతాళి చేస్తారు. కానీ గడచిన ఆరు దశాబ్దాల చరిత్రను వరుసగా చూస్తే ఆ అసహనం వెనుక మరో ప్రశ్న కనిపిస్తుంది. మార్పు మంచిదా చెడ్డదా అన్నది కాదు ఆ ప్రశ్న. మార్చే అధికారం ఎవరిది అన్నది. అది అచ్చమైన రాజకీయ ప్రశ్న. భారతీయ పెట్టుబడి ఇప్పుడు ఆ మైదానాల్లోకి యజమానిగా అడుగుపెట్టింది కనుక మనకూ సంబంధించిన ప్రశ్న.

పటం మీది గీతలు, మనసులోని ఊళ్లు

కౌంటీ చాంపియన్‌షిప్ అధికారికంగా 1890లో మొదలైంది. అప్పటికి పోటీలో ఉన్నవి ఎనిమిది కౌంటీలు. సోమర్‌సెట్ 1891లో వచ్చింది. 1895లో డెర్బీషైర్, ఎసెక్స్, హాంప్‌షైర్, లీసెస్టర్‌షైర్, వార్విక్‌షైర్ చేరాయి. వూస్టర్‌షైర్ 1899లో, నార్తాంప్టన్‌షైర్ 1905లో, వేల్స్‌కు చెందిన గ్లామోర్గన్ 1921లో జతయ్యాయి. ఆ తరువాత ఏకంగా 71 ఏళ్లపాటు గుమ్మం మూసే ఉంది. 1992లో డర్హమ్ రాకతో లెక్క 18కి చేరింది. ఇదంతా ఎవరో బల్ల ముందు కూర్చుని గీసిన నమూనా కాదు. ఊరి పెద్దలు, వర్తకులు, భూస్వాములు, గుమస్తాలు చందాలు వేసుకుని నడుపుకున్న క్లబ్బులు కాలక్రమంలో ఒక పోటీగా స్థిరపడ్డాయి. చందా కట్టినవాడు సభ్యుడు. సభ్యుడికి సర్వసభ్య సమావేశంలో ఒక ఓటు. విక్టోరియా మహారాణి కాలపు ఈ ఏర్పాటులో ఆనాడు ప్రజాస్వామ్య స్పృహ ఏమంత లేదు. వృత్తి ఆటగాళ్లు ఒక ద్వారం గుండా, పెద్దింటి ఔత్సాహికులు మరో ద్వారం గుండా మైదానంలోకి వచ్చే రోజులవి. ఆ వివక్ష 1962 సీజన్‌తో గానీ అధికారికంగా అంతం కాలేదు. అయినా ఆ పాతకాలపు చందా పుస్తకమే నేడు సామాన్య అభిమాని చేతిలోని ఆయుధమైంది.

కౌంటీ అంటే పరిపాలనా విభాగం మాత్రమే కాదు, ఒక మమకారం. యార్క్‌షైర్ గడ్డ మీద పుట్టినవాడే యార్క్‌షైర్‌కు ఆడాలన్న పట్టుదల 1992 వరకు సాగింది. ఆ ఏడాది ఆ జట్టుకు తొలి విదేశీ ఆటగాడిగా వెళ్లినవాడు 19 ఏళ్ల సచిన్ టెండూల్కర్. ఈ మమకారంలో భారతీయులకు పాతకాలం నుంచీ పాలు ఉంది. మన రంజీ ట్రోఫీకి పేరిచ్చిన రంజిత్‌సిన్హ్‌జీ ససెక్స్ కౌంటీ ఆటగాడు. హైదరాబాద్‌లో పుట్టి, ఆ జట్టుకు రంజీలు ఆడి, పాకిస్తాన్‌కు వలస వెళ్లిన ఆసిఫ్ ఇక్బాల్ కెంట్‌కు నాయకత్వం వహించాడు. అజారుద్దీన్ డెర్బీషైర్‌కు, వి.వి.ఎస్. లక్ష్మణ్ లాంకషైర్‌కు ఆడారు. హనుమ విహారి, మహమ్మద్ సిరాజ్ వార్విక్‌షైర్ దారి పట్టారు. 1983 ప్రపంచ కప్‌లో జింబాబ్వేపై కపిల్ దేవ్ అజేయంగా 175 పరుగులు చేసిన టన్‌బ్రిడ్జ్ వెల్స్ మైదానం కూడా కెంట్ కౌంటీ ఏటా ఒక వారం ఆడిన ఊరి మైదానమే.

మార్పును ఆదరించిన అభిమాని

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జనం మైదానాలకు పోటెత్తారు. డెనిస్ కాంప్టన్ 3,816 పరుగులు, 18 సెంచరీలు చేసిన 1947 వేసవిలో కౌంటీ మ్యాచ్‌లను 20 లక్షల మందికి పైగా చూశారు. 1960ల ఆరంభానికి ఆ సంఖ్య దాదాపు మూడో వంతుకు పడిపోయింది. కారు వచ్చింది, టెలివిజన్ వచ్చింది, పనిరోజుల్లో మూడు రోజులు కూర్చుని ఆట చూసే తీరిక పోయింది. కౌంటీలు దివాలా అంచుకు చేరాయి.

1963లో జిలెట్ కప్ ఆ నేపథ్యంలోనే వచ్చింది. ఒక్క రోజులో ముగిసే ఆట, తొలి ఏడాది ఇన్నింగ్స్‌కు 65 ఓవర్లు. పెద్ద కౌంటీల మధ్య ఇలాంటి పోటీకి ఒక వ్యాపార సంస్థ పేరు తగిలించడం సంప్రదాయవాదులకు అపచారమనిపించింది. జనానికి మాత్రం పండగైంది. టెడ్ డెక్స్‌టర్ నాయకత్వంలో ససెక్స్ తొలి కప్ గెలిచింది. 1969లో ఆదివారం లీగ్ వచ్చింది. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి ముగిసే 40 ఓవర్ల ఆట, బీబీసీలో ప్రత్యక్ష ప్రసారం. 1972లో మూడో పరిమిత ఓవర్ల పోటీగా బెన్సన్ అండ్ హెడ్జెస్ కప్ జతయింది.

1971 జులైలో మాంచెస్టర్‌లో లాంకషైర్, గ్లోస్టర్‌షైర్ జట్ల మధ్య జరిగిన జిలెట్ కప్ సెమీఫైనల్‌ను ఆ తరం నేటికీ తలుచుకుంటుంది. రాత్రి తొమ్మిది కావస్తోంది. స్టేడియంలో దీపాల్లేవు, మైదానం దాటి చూస్తే ఊళ్లో దీపాలు వెలిగాయి. ఆ మసక వెలుతురులో డేవిడ్ హ్యూజ్ ఒకే ఓవర్లో 24 పరుగులు బాదాడు. ఆట ముగిసే దాకా బీబీసీ తన తొమ్మిది గంటల వార్తలను ఆపింది. కౌంటీ అభిమానికి కొత్తదనమంటే గిట్టదన్న వాదనకు ఆ రాత్రే సమాధానం. అతడు కొత్తను కాదనలేదు, ఎందుకంటే ఆ కొత్తలో అతడి కౌంటీ ఉంది. జట్టు అదే, మైదానం అదే, చందా పుస్తకం అదే. పాత ఇంటికి కొత్త వసారా వేశారు తప్ప ఇంటిని కూల్చలేదు.

కమిటీల యుగం

తరువాతి దశాబ్దాల కథ వేరు. ఇంగ్లండ్ జట్టు ఓడిన ప్రతిసారీ ఒక కమిటీ, ప్రతి కమిటీకి ఒక నివేదిక, ప్రతి నివేదికకు ఒక కొత్త నిర్మాణం. మూడు రోజుల మ్యాచ్‌లు 1988లో కొంతమేర, 1993లో పూర్తిగా నాలుగు రోజులవిగా మారాయి. అదే 1993లో ఆదివారం లీగ్‌కు రంగు దుస్తులు తొడిగి 50 ఓవర్లు చేశారు, మరుసటి ఏడాదే మళ్లీ 40కి దించారు. 1997లో ఇంగ్లండ్ అండ్ వేల్స్ క్రికెట్ బోర్డు, అంటే ఈసీబీ, పుట్టింది. 2000లో చాంపియన్‌షిప్‌ను తొమ్మిదేసి జట్ల రెండు డివిజన్లుగా చీల్చారు. మొదట ఏటా మూడు జట్లు కిందికి, మూడు పైకి. 2006 నుంచి రెండేసి. 2017లో పైన ఎనిమిది, కింద పది. కోవిడ్ ఏడాది 2020లో చాంపియన్‌షిప్పే లేదు, బాబ్ విల్లిస్ పేరిట వేరే ట్రోఫీ. 2021లో ఆరేసి జట్ల మూడు గ్రూపులు. 2022లో మళ్లీ రెండు డివిజన్లు, ఈసారి పైన పది, కింద ఎనిమిది.

ఒక్క రోజు పోటీల గతి మరీ అధ్వానం. జిలెట్ కప్ నాట్‌వెస్ట్ అయింది, తరువాత చెల్టెన్‌హామ్ అండ్ గ్లోస్టర్, ఆపై ఫ్రెండ్స్ ప్రావిడెంట్, ఇలా మారుతూ మారుతూ నేటి మెట్రో బ్యాంక్ కప్ దాకా వచ్చింది. 60 ఓవర్లు 50 అయ్యాయి, మధ్యలో 40 అయ్యాయి, మళ్లీ 50 అయ్యాయి. తాత మనవడికి తన కౌంటీ ఏ కప్పు గెలిచిందో చెప్పాలంటే ఆ కప్పు పేరు మనవడికి తెలియదు.

ఈ మార్పుల్లో కొన్నింటికి గట్టి కారణాలున్నాయి. రెండు డివిజన్ల విధానం సీజన్ చివరి మ్యాచ్‌లకు ప్రాణం పోసింది. నాలుగు రోజుల ఆట టెస్టులకు తగిన సాధన అయింది. కానీ నేటి లెక్కలోనే ఒక వంకర ఉంది. పది జట్ల డివిజన్‌లో ప్రతి జట్టూ ప్రతి ప్రత్యర్థితో రెండుసార్లు తలపడాలంటే 18 మ్యాచ్‌లు కావాలి. ఆడేది 14. అంటే అయిదు జట్లతో రెండేసి, నాలుగు జట్లతో ఒక్కోసారి. ఎవరికి బలమైన ప్రత్యర్థులు రెండుసార్లు తగులుతారో, ఎవరికి బలహీనులు దొరుకుతారో షెడ్యూలు దయ. కింది డివిజన్‌లో ఎనిమిది జట్లే కనుక లెక్క సరిపోతుంది. దేశ చాంపియన్‌ను తేల్చే డివిజన్‌లో లేని సమానత్వం దాని కింది డివిజన్‌లో ఉంది! ఇది పాతకాలపు బెంగ కాదు, ఏ పోటీకైనా ఉండవలసిన కనీస న్యాయం గురించిన ఫిర్యాదు.

డర్హమ్ ఉదంతం మరింత చేదు. ఆలస్యంగా వచ్చినా 2008, 2009, 2013లలో చాంపియన్‌గా నిలిచిన కౌంటీ అది. టెస్టు మ్యాచ్‌ల స్టేడియం కోసం అప్పుల్లో కూరుకుంది. 2016లో బోర్డు సుమారు 38 లక్షల పౌండ్ల సాయం చేసి, అందుకు ప్రతిగా మైదానంలో నాలుగో స్థానంలో నిలిచిన జట్టును కింది డివిజన్‌లోకి తోసింది. మరుసటి సీజన్‌కు ముందే 48 పాయింట్లు కోసింది. ఓటమితో కిందికి జారవలసిన హాంప్‌షైర్ పైనే మిగిలింది. ఆటలో గెలిచినవాడు ఖాతా పుస్తకంలో ఓడాడు. మూడేళ్లు తిరక్కుండానే, 2019 ప్రపంచ కప్ ఫైనల్‌లో ఇంగ్లండ్‌ను గట్టెక్కించిన బెన్ స్టోక్స్ ఆ డర్హమ్ బిడ్డే.

తెర వెనుక తెర

ఇంత గందరగోళానికి మూలం డబ్బు, ఆ డబ్బుకు మూలం టెలివిజన్. 2005 యాషెస్ సిరీస్‌ను చానల్ 4 ఉచితంగా ప్రసారం చేసింది. పతాక ఘట్టంలో 80 లక్షల మందికి పైగా తెర ముందు కూర్చున్నారు. మరుసటి ఏడాది నుంచి హక్కులు చందా కట్టేవారికే కనిపించే స్కై చేతికి పోయాయి. 2009 యాషెస్ పతాక ఘట్టంలో వీక్షకులు 20 లక్షలకు లోపే. బోర్డు ఖజానా నిండింది, వీధి చివరి పిల్లవాడి కళ్ల ముందు నుంచి ఆట తొలగిపోయింది. యువతరం దూరమైందని పదేళ్ల తరువాత అదే బోర్డు వాపోయింది. ఆ రోగానికి మందుగా మరో కొత్త పోటీని సూచించింది. రోగం ఎక్కడిదో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు.

టీ20 కథ ఇంకో వింత. ఆ ఆటకు పురుడు పోసింది ఇంగ్లండ్. బోర్డు మార్కెటింగ్ విభాగంలోని స్టూవర్ట్ రాబర్ట్‌సన్ సర్వేలు జరిపించి, 20 ఓవర్ల కప్పును కౌంటీల ముందు పెట్టాడు. 11-7 ఓట్లతో నెగ్గింది. 2003 జూన్‌లో మొదలైంది. జనం విరగబడి వచ్చారు. ఇక్కడా కౌంటీ అభిమాని కొత్తను తిరస్కరించలేదన్నది గమనార్హం. కానీ పంట ఇంగ్లండ్‌ది, గాదె భారత్‌ది అయింది. 2008 ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలయ్యాక ఇంగ్లండ్ పాలకుల్లో కలవరం పుట్టింది. అదే ఏడాది జూన్‌లో అలెన్ స్టాన్‌ఫోర్డ్ అనే అమెరికన్ ధనికుడు లార్డ్స్‌లో హెలికాప్టర్ దిగి, నోట్ల కట్టలున్న పెట్టె చూపించాడు. బోర్డు పెద్దలు చిరునవ్వులతో పక్కన నిలబడ్డారు. రెండు కోట్ల డాలర్ల పందెపు మ్యాచ్ నవంబరులో ఆంటిగ్వాలో జరిగింది, ఇంగ్లండ్ 99 పరుగులకే కుప్పకూలింది. మరుసటి ఫిబ్రవరిలో స్టాన్‌ఫోర్డ్ మోసాలు బయటపడ్డాయి. 2012లో అతడికి 110 ఏళ్ల జైలుశిక్ష పడింది. సభ్యుల మాట వినడానికి తీరిక లేని సంస్థ ఒక మోసగాడి మాటను అంత తేలిగ్గా నమ్మిందన్న చేదు అభిమానుల మనసుల్లో మిగిలింది.

పొమ్మనలేక పెట్టిన పొగ

2017 ఏప్రిల్‌లో ఈసీబీ తన నిబంధనావళిని సవరించింది. మొత్తం 18 కౌంటీలూ పాల్గొనని కొత్త పోటీకి దారి తీసే సవరణ అది. ఓటున్న 41 సభ్య సంస్థల్లో 38 అనుకూలంగా వేశాయి. ఎసెక్స్, మిడిల్‌సెక్స్ వ్యతిరేకించాయి, కెంట్ తటస్థంగా ఉండిపోయింది. ప్రతి కౌంటీకి ఏటా 13 లక్షల పౌండ్లు ఇస్తామన్న హామీ ఆ ఓట్ల వెనుక ఉంది. అప్పుల్లో ఉన్న చిన్న కౌంటీలకు అది కాదనలేని మొత్తం.

కౌంటీలు నాడు ఓటు వేసింది ఎనిమిది నగర జట్ల టీ20 పోటీకి. ఏడాది తిరిగేసరికి, 2018 ఏప్రిల్‌లో, బోర్డు ప్రకటించింది వంద బంతుల ఆట. దాని పేరే ‘హండ్రెడ్’. ప్రపంచంలో మరెక్కడా లేని ఆ ఆటను కౌంటీ సభ్యుల్లో ఎవరూ అడగలేదు, ఎవరినీ అడగలేదు కూడా. ఎన్నికల ముందు ఒక ప్రణాళిక, గెలిచాక మరొకటి అమలు కావడం భారత పాఠకులకు కొత్త కాదు. అభిమాని అసహనం ఆగ్రహంగా మారింది ఇక్కడే.

2021 జులైలో మొదలైన హండ్రెడ్‌ను పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. ప్రారంభ మ్యాచ్‌ను మహిళా జట్లకు కేటాయించారు. ఓవల్‌లో ఏడు వేల మందికి పైగా ఆ ఆట చూశారు. ఆ ఏడాది లార్డ్స్‌లో మహిళల ఫైనల్‌కు 17 వేల మంది వచ్చారు. స్త్రీపురుష జట్లకు ఒకే వేదిక, ఒకే రోజు అన్న పద్ధతి మహిళా క్రికెట్‌కు నిజమైన మేలు చేసింది. కొన్ని మ్యాచ్‌లు బీబీసీలో ఉచితంగా కనిపించాయి. పిల్లలు, కుటుంబాలు స్టాండ్లలో కూర్చున్నారు. కౌంటీ సభ్యుల సమావేశాల్లో అంతగా కనిపించని జనం వారు.

కానీ ఆ పందిరి వేసింది ఎవరి పెరట్లో? జట్లున్నవి ఏడు నగరాల్లో, లండన్‌లో రెండు. టాంటన్, హోవ్, క్యాంటర్‌బరీ, వూస్టర్, చెస్టర్-లె-స్ట్రీట్, చెమ్స్‌ఫర్డ్ వంటి ఊళ్లకు జట్టు లేదు. బడులకు సెలవులుండి, ఎండ కాసే ఆగస్టు మాసమంతా హండ్రెడ్‌దే. 50 ఓవర్ల కప్పు అదే సమయంలో, అగ్రశ్రేణి ఆటగాళ్లు లేకుండా, రెండో వరుస జట్లతో సాగుతుంది. చాంపియన్‌షిప్‌లో పెద్ద భాగం ఏప్రిల్, మే నెలల చలికి, సెప్టెంబరు మంచుకు పోయింది. స్పిన్నర్లకు పిచ్ ఎండే కాలంలో ఎర్రబంతి ఆట దాదాపుగా లేదు. స్పిన్నర్లు తయారు కావడం లేదని మళ్లీ బోర్డే విచారిస్తుంది. సొంత గడ్డపై మ్యాచ్‌లు ఏడింటికి పరిమితం కావడంతో ప్రధాన స్టేడియం విడిచి చిన్న ఊళ్లకు వెళ్లే ఆనవాయితీ సన్నగిల్లింది. చెల్టెన్‌హామ్, స్కార్‌బరో లాంటి చోట్ల ఊరివాళ్ల పట్టుదల మీద బతుకుతోంది. కౌంటీ క్రికెట్‌ను రద్దు చేస్తామని ఎవరూ అనలేదు. పొమ్మనలేక పొగబెట్టారు.

రాజాం నుంచి సౌతాంప్టన్‌కు

2025లో ఆ ఎనిమిది జట్లను అమ్మకానికి పెట్టారు. ఆతిథ్య సంస్థలకు 51 శాతం ఇచ్చి, మిగిలిన 49 శాతం వాటాలను బోర్డు వేలం వేసింది. 50 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. కొన్నవారిలో ఐపీఎల్ యజమానులు ప్రముఖులు. ఓవల్ జట్టులో 49 శాతం రిలయన్స్‌కు దక్కింది. మాంచెస్టర్ జట్టులో 70 శాతం లక్నో యజమాని ఆర్‌పీఎస్‌జీది. అప్పుల భారంతో ఉన్న యార్క్‌షైర్ తన 51 శాతాన్నీ వదులుకోవడంతో లీడ్స్ జట్టు మొత్తం సన్ గ్రూపు పరమైంది. దాని కొత్త పేరు సన్‌రైజర్స్ లీడ్స్. లార్డ్స్ జట్టులో వాటా కొన్న సాంకేతిక దిగ్గజాల బృందంలో హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల ఒకరు.

వీటన్నిటికన్నా దూరగామి అయినది హాంప్‌షైర్ ఒప్పందం. ఉత్తరాంధ్రలోని రాజాం పట్టణానికి చెందిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ గ్రూపు, 2024లో హాంప్‌షైర్ కౌంటీనే దశలవారీగా పూర్తిగా కొనేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. 134 ఏళ్ల చాంపియన్‌షిప్ చరిత్రలో ఒక కౌంటీ విదేశీ యాజమాన్యంలోకి వెళ్లడం అదే మొదలు. అది సాధ్యమైంది ఎలా? హాంప్‌షైర్, డర్హమ్, నార్తాంప్టన్‌షైర్ సభ్యుల యాజమాన్యంలో లేని మూడు కౌంటీలు. అక్కడ అమ్మాలా వద్దా అని సభ్యుడిని అడగనక్కర్లేదు. మిగిలిన పదిహేనింటిలో అడగాలి.

ఇందులో తెలుగువారు గర్వించడానికి కారణం ఉండవచ్చు. ఒకనాడు మన రాజులను, ఆటగాళ్లను వాకిట్లో నిలబెట్టి చూసిన ఇంటికి నేడు మనవాళ్లు యజమానులు. ఆ తృప్తి సహజం. కానీ హైదరాబాద్ అభిమానికి మరో జ్ఞాపకం కూడా ఉండాలి. 2009లో ఐపీఎల్ గెలిచిన దక్కన్ చార్జర్స్ జట్టు 2012లో ఒప్పందం రద్దై మాయమైంది. 2013కల్లా అదే నగరం పేరుతో మరో జట్టు, మరో యజమాని, మరో రంగు. ఆ నిర్ణయంలో హైదరాబాద్ అభిమాని మాటకు విలువ లేదు, ఎందుకంటే అడిగే హక్కు అతడికి ఏనాడూ లేదు. ఫ్రాంచైజీ అభిమాని వినియోగదారుడు. నచ్చకపోతే టికెట్ కొనకుండా ఉండగలడు, అంతే. కౌంటీ సభ్యుడు పాలుదారుడు. నచ్చకపోతే కార్యవర్గాన్ని దింపగలడు.

భారత క్రికెట్‌లో సంస్కరణ ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకుంటే ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. లోధా సంఘం సిఫారసులను 2016 జులైలో సుప్రీంకోర్టు ఆమోదిస్తే తప్ప బీసీసీఐ కదలలేదు. హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని గాడిన పెట్టడానికి 2023లో జస్టిస్ లావు నాగేశ్వరరావును నియమించవలసి వచ్చింది. రంజీ ట్రోఫీని రెండు ముక్కలు చేసి మధ్యలో పొట్టి పోటీలను చొప్పించినప్పుడు ఏ అభిమానీ సర్వసభ్య సమావేశం కోరలేదు, కోరే వేదికే లేదు. మన దగ్గర అభిమానికి కోర్టు ఒక్కటే గతి. అక్కడ అతడి చేతిలో ఇంకా ఓటుంది.

మిగిలిన పన్నెండు ఓట్లు

2025లో కథ మరోసారి నడిచింది. అలసట, గాయాలు పెరుగుతున్నాయని, మ్యాచ్‌లు తగ్గించాలని ఈసారి ఆటగాళ్ల సంఘమే గట్టిగా అడిగింది. ఆ వాదనలో నిజం ఉంది. ఒక జట్టు ప్రయాణాల మధ్య విశ్రాంతి లేకుండా ఆడటం ఎవరికీ మేలు కాదు. కౌంటీల మధ్య నెలల తరబడి చర్చ జరిగింది. టీ20 గ్రూపు మ్యాచ్‌లను 14 నుంచి 12కి తగ్గించేందుకు ఒప్పుకున్నాయి. చాంపియన్‌షిప్‌ను తగ్గించేందుకు కావలసిన 12 ఓట్లు మాత్రం రాలేదు. 2026కు కూడా 14 మ్యాచ్‌లే ఖాయమయ్యాయి.

దీన్ని అభిమానుల విజయంగా మాత్రమే చూస్తే పొరపాటు. సభ్యుల సంఖ్య పరిమితం. వారిలో వయసు మీరినవారు ఎక్కువ. నగరాల్లోని దక్షిణాసియా కుటుంబాల పిల్లలు వీధుల్లో క్రికెట్ ఆడుతున్నా, కౌంటీ సభ్యత్వ పుస్తకంలో వారి వాటా అతి స్వల్పం. యార్క్‌షైర్‌లో అజీమ్ రఫీక్ జాత్యహంకారంపై గళమెత్తినప్పుడు సభ్యుల యాజమాన్యం ఆ వివక్షను ముందుగా పట్టుకోలేకపోయింది. ఓటు ఉండటం వేరు, ఆ ఓటు సమాజమంతటికీ ప్రాతినిధ్యం వహించడం వేరు. అందరినీ కలుపుకోని సభ్యత్వం రేపు అమ్మకం ప్రతిపాదన వచ్చిన రోజున ఎవరి పేరు మీద అడ్డు నిలబడగలదు?

ఆ రోజు దూరంలో లేదు. ఫ్రాంచైజీల అమ్మకంతో చిన్న కౌంటీలకు కోట్ల పౌండ్లు అందుతున్నాయి. అప్పులు తీరాక, ఆ డబ్బు ఖర్చయ్యాక, మళ్లీ చేయి చాచవలసి వస్తుంది. అప్పుడు వచ్చే పెట్టుబడిదారుడు కౌంటీలో వాటా అడుగుతాడు. సభ్యుల క్లబ్బును కంపెనీగా మార్చమంటాడు. అందుకు సభ్యులే ఓటు వేయాలి. తమ ఓటును శాశ్వతంగా రద్దు చేసుకునే ఓటు అది. ఒకసారి వేస్తే తిరిగి తీసుకునే వీలుండదు. 2017లో 13 లక్షల పౌండ్ల ముందు 38 సంస్థలు తలొగ్గిన తీరు చూసినవారికి ఆ ప్రలోభం బలం తెలుసు.

ఎన్ని ఓవర్లు, ఎన్ని డివిజన్లు, ఏ నెలలో ఏ పోటీ అన్న వాదనలు ఎప్పటికీ తెగవు. వాటికి ఒక్క సరైన జవాబూ లేదు. 1963లో మార్పు సరైనది, 2003లోనూ సరైనదే కావచ్చు, 2018లో కాకపోవచ్చు. కానీ ఆ వాదనలో మాట్లాడే హక్కు ఆట చూసేవాడికి ఉన్నంత కాలం తప్పులు దిద్దుకోవడానికి అవకాశం ఉంటుంది. ఇంగ్లండ్ కౌంటీ అభిమాని పోరాటాన్ని ఆ కోణంలో చూడాలి. అతడు కాపాడుతున్నది నాలుగు రోజుల ఆటను మాత్రమే కాదు, ఆట విషయంలో తన మాట చెల్లే హక్కును. ఆ హక్కు ఏనాడూ లేని దేశం నుంచి పెట్టుబడి అక్కడికి వెళుతోంది. అక్కడి హక్కు ఇక్కడికి వస్తుందా, ఇక్కడి అలవాటు అక్కడ స్థిరపడుతుందా అన్నది రాబోయే పదేళ్లలో తేలుతుంది.